జ్వాల బాబాయ్, ఆయన సూర్యుడు

అందరి ఇళ్ళలోనూ బాబాయ్‌లు పొద్దున లేవగానే పేపరు చూస్తారు. ఈ కథలో అమ్మాయి వాళ్ళ బాబాయ్ సూర్యుణ్ణి చూస్తాడు. చూసి, ఇవాళ భూమి కదులుతుందో కదలదో చెబుతాడు. ఆయనకున్న పిచ్చి ఇదొక్కటే. మిగతా విషయాల్లో అంత బుద్ధిమంతుడు ఆ వీధిలోనే లేడని పిన్ని అంటుంది. కాకపోతే మిగతా విషయాలకు ఆయన దగ్గర తీరికెక్కడిదని కూడా ఆవిడే అడుగుతుంది.

సూర్యుణ్ణి చూడటమంటే తలెత్తి చూడటం కాదు. అలా చూస్తే కళ్ళు పోతాయని కళ్ళజోళ్ళు అమ్ముకుని బతికేవాడికి ఒకరు చెప్పాలా? దుకాణం కిటికీలో ఒక పాత బైనాక్యులర్‌ని స్టాండుకు బిగించి, ఒక గొట్టానికి మూతపెట్టి, రెండో గొట్టంలోంచి వచ్చే వెలుగు వెనకాల అట్టకు అంటించిన తెల్లకాగితం మీద పడేలా అమర్చాడు. కాగితం మీద సాసరంత సూర్యుడు తయారవుతాడు. ఆ సాసరు మీద నల్లచుక్క ఉంటే అది సూర్యుడి మీది మచ్చ. మచ్చ దగ్గర ఉన్నట్టుండి మంట లేస్తుంది, అదే సౌరజ్వాల. జ్వాల లేస్తే దాని దెబ్బ భూమికి తగులుతుంది, తగిలితే లోపల రాయి జరుగుతుంది, రాయి జరిగితే భూకంపం. చుక్క నుంచి భూకంపం దాకా ఉన్న ఈ మెట్లన్నీ బాబాయ్ ఒక్క గుక్కలో ఎక్కేస్తాడు. ఆయాసం వినేవాళ్ళకు వస్తుంది.

అందుకే వీధంతా ఆయన్ని జ్వాల బాబాయ్ అంటుంది. అది ఎగతాళి అని ఆయనకు తెలియదని అందరూ అనుకుంటారు. ఆయనకు తెలుసు. ఆ పేరంటే ఇష్టం కూడా.

కాగితం మీది సూర్యుడి గురించి ఆయన మాట్లాడుతుంటే ఎవరో దగ్గరి చుట్టం గురించి అనుకోవాలి. చుక్కలేమీ లేని రోజు, "ఇవాళ ఆయన కులాసాగా ఉన్నాడు" అంటాడు. ఒకటో రెండో ఉంటే, కాస్త చిరాకు మీదున్నాడంటాడు. చుక్కలు గుంపు కట్టాయా, ఇక గొంతు తగ్గించేసి, ఆయన వాలకం తనకేమీ నచ్చలేదంటాడు. ఆ మాట చెవిన పడగానే పిన్ని పొయ్యి కట్టేసి, నీళ్ళసీసా చంకన పెట్టుకుని, చెప్పులు ఎక్కడున్నాయో చూసుకుంటుంది. ఆవిడ నమ్మి చేస్తుందో, వాదించే ఓపిక లేక చేస్తుందో ఇంతవరకూ ఎవరికీ తేలలేదు.

ఈ పిచ్చి పట్టింది పెళ్ళైన కొత్తలో. ఆ ఊరి నేల అడుగున ఎక్కడో ఒక పగులుంది. అప్పుడప్పుడూ కిటికీ అద్దాలు గలగలలాడటం, కప్పులో టీ తొణకడం అక్కడ మామూలే. ఒకనాటి పొద్దున బాబాయ్ ఎవరిదో బైనాక్యులర్ బాగుచేస్తుంటే ఎండ అందులోంచి దూరి గోడ మీద పడింది. ఆ వెలుగు బిళ్ళలో ఇంత నల్లమచ్చ. ఇదేమిటా అనుకుంటూనే భోజనానికి వెళ్ళాడు. సాయంత్రానికి నేల కదిలి, దుకాణంలో అద్దాల అలమర బోర్లాపడి, అమ్మకానికున్న కళ్ళజోళ్ళన్నీ నుజ్జునుజ్జయ్యాయి. ఒక్కసారి కుదిరితే చాలు, మనిషి జన్మంతా నమ్ముతాడు. కుదరని సార్ల సంగతేమిటని అడిగితే బాబాయ్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. అవి సూర్యుడు మనసు మార్చుకున్న సార్లు.

ఆ దెబ్బతో ఆయన ఇంట్లో మోకాలికి పైన వస్తువన్నది లేకుండా పోయింది. పడేవన్నీ మనమే ముందుగా కింద పెట్టేస్తే ఇక భూకంపానికి పనేముంటుందని ఆయన వాదన. గిన్నెలు నేల మీద, పుస్తకాలు మంచం కింద, గోడగడియారం గది మధ్యలో వెల్లకిలా. టైమెంతైందో తెలియాలంటే వంగి చూసుకోవాలి. కొత్తవాళ్ళు గడప దగ్గరే ఆగిపోయి, "అయ్యో, ఎప్పుడొచ్చిందండీ భూకంపం?" అని పరామర్శిస్తారు. పిన్ని నిమ్మకు నీరెత్తినట్టు, "ఇంకా రాలేదండీ, ఎదురుచూస్తున్నాం" అంటుంది.

అమ్మాయి ఆయన అన్నగారి కూతురు. బాబాయ్ ఇల్లూ దుకాణమూ ఉన్న బిల్డింగులో చిన్నాపెద్దా అందరికీ ఆమె అమ్మాయే. ఆ ఊళ్ళోనే భూకంపాలు నమోదు చేసే ఆఫీసులో ఆమెకు ఉద్యోగమైంది. నేల కదిలితే అక్కడ తెర మీద ఒక గీత వణుకుతుంది. ఆ గీతను కనిపెట్టుకుని ఉండి, వణుకెంత, ఎక్కడ పుట్టింది అని లెక్కగట్టడం ఆమె పని. ఇంకెక్కడో ఎందుకని బాబాయ్ పట్టుబట్టి తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. స్టేషనుకు ఎదురొచ్చి పెట్టె అందుకుంటూ, "పైన సంగతి నేను చూసుకుంటాను, కింద సంగతి నువ్వు చూసుకో. ఇక మనకి తిరుగులేదు" అన్నాడు. అమ్మాయికి నవ్వొచ్చింది.

ఆ నవ్వు వారం తిరక్కుండానే ఆగిపోయింది. రోజూ ఆఫీసు తెరవగానే బాబాయ్ ఫోన్ చేసి సూర్యుడి యోగక్షేమాలు చెప్పేవాడు. ఒకనాడు ఆ ఫోన్ పై అధికారి ఎత్తాడు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఆఫీసులో లేరు. సాయంత్రంలోగా కుడివైపు మచ్చ పేలుతుందనీ, గీతల్ని కాస్త జాగ్రత్తగా చూసుకోమనీ చెప్పేసి బాబాయ్ ఫోన్ పెట్టేశాడు. అమ్మాయికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయితే మర్నాటి నుంచీ ఆ అధికారి ఆమె టేబులు దాటుతూ ఒక్క క్షణం ఆగి, ఎటో చూస్తూ, బాబాయ్ గారు ఇవాళ ఏమంటున్నారని అడగడం మొదలుపెట్టాడు. కులాసాగా ఉన్నాడంటున్నారు సార్ అంటే తృప్తిగా తన గదిలోకి వెళ్ళిపోయేవాడు.

ఇంట్లో మాత్రం రోజూ వాదనే. ఈ బైనాక్యులర్లో మచ్చ కనిపిస్తుంది గానీ జ్వాల కనిపించదు కదా అని అమ్మాయి అడిగేది. కోపం వచ్చిందో లేదో మొహం చూస్తే తెలియదా, చెయ్యెత్తేదాకా ఆగాలా అనేవాడు బాబాయ్. అంత దూరాన మంట లేస్తే ఇక్కడ నేల కింద అంత లోతున ఉన్న రాయికేమిటని ఆమె అంటే, ఇంటిపెద్ద వీధి వసారాలో కసురుకుంటే వంటింట్లో పిల్లలు ఉలిక్కిపడరా అనేవాడు. ఇలాంటి వాటికి జవాబు చెప్పడం ఆమె చదివిన చదువులో ఎక్కడా లేదు.

పైగా ఆయన చెప్పినవన్నీ నిజమయ్యేవి. ఎలాగంటే, ప్రపంచంలో ఏదో ఒక మూల భూమి కదలని రోజంటూ ఉండదు. బాబాయ్ హెచ్చరించిన రెండోనాడో మూడోనాడో పేపర్లో ఒక చిన్న ముక్క కనిపించేది, సముద్రాల అవతల ఎక్కడో ఒక దీవిలో నేల కంపించిందని. ఆయన ఆ ముక్కను వేలితో పొడిచి చూపించేవాడు.

"ఆ దీవి ఇక్కడికి ఎంత దూరమో తెలుసా బాబాయ్? భూమికి ఆ చివర ఉంది" అంది అమ్మాయి ఒకసారి.

"సూర్యుడికి మన అడ్రసు తెలుసా ఏంటే? అంత దూరాన్నించి విసిరితే కాస్త అటూ ఇటూ అవదూ" అన్నాడు బాబాయ్.

ఒకసారి మాత్రం ఆయన పరువు పోయింది. కాగితం మీద ఇంతకు ముందెన్నడూ లేనంత పెద్దమచ్చ కనిపించింది. బాబాయ్‌కి తిండి సయించలేదు. కాలికి బలపం కట్టుకుని వీధంతా తిరిగి, అలమరలు గోడలకు మేకులతో బిగించుకోమని ఇంటింటికీ చెప్పాడు. రోజులు గడిచినా మచ్చ ఉన్నచోటే ఉంది. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి మచ్చ కూడా జరగాలి కదా అని అమ్మాయి అనుమానం. ఆమె బైనాక్యులర్ దగ్గరికి వెళ్ళి చూస్తుంటే పిన్ని వెనకాల నుంచి వచ్చి, చేతిగుడ్డతో లెన్సును ఒక్క తుడుపు తుడిచింది. సూర్యుడికి నయమైపోయింది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దం మీద మరకను పోల్చుకోలేకపోయారని వీధంతా నవ్వింది. బాబాయ్ కూడా నవ్వాడు గానీ, "మరకో మచ్చో, నేను చూశానా లేదా? చూడని చుక్క చూశానని నా జన్మలో చెప్పలేదు" అన్నాడు. అదొక్కటే ఆయన గర్వం. ఆ మాట దగ్గర ఎవరైనా నవ్వితే ఆయనకు నిజంగానే కోపం వచ్చేది.

ఇక పళ్ళెం సంగతి చెప్పాలి. సూర్యుడి వాలకం బాగోలేదని తేలితే బాబాయ్ స్టీలు పళ్ళెం, గరిటె తీసుకుని మెట్ల మీద నిలబడి వాయించేవాడు. అది మోగగానే బిల్డింగులో అందరూ పొయ్యిలు కట్టేసి, గ్యాసు మూసి, తలో కుర్చీ పట్టుకుని వెనకవైపు ఖాళీ జాగాలోకి దిగాలి. కుర్చీతో పాటు, వండిన గిన్నె ఏదుంటే అది కూడా తేవాలి. భూకంపం ఎప్పుడొస్తుందో చెప్పలేం గానీ ఆకలి మాత్రం టైముకి వస్తుందని ఆయన వివరణ. అంతా వచ్చి కూర్చుని, భూకంపం కోసం ఎదురుచూస్తూ, ఒకరి గిన్నెలోది ఒకరు వడ్డించుకుని తినేవాళ్ళు. కాసేపటికి పిల్లలు ఆటల్లో పడేవాళ్ళు, పెద్దవాళ్ళు కబుర్లలో పడేవాళ్ళు. చీకటి పడ్డాక బాబాయ్ లేచి, ఆయన మనసు మార్చుకున్నాడని ప్రకటించేవాడు. అందరూ తిట్టుకుంటూ పైకి వెళ్ళేవాళ్ళు. తిట్టుకునేవాళ్ళలో మళ్ళీసారి రాకుండా మానేసినవాళ్ళు మాత్రం లేరు.

ఈ తంతు గిట్టనిది ఒక్క బ్యాంకాయనకే. ఆయన మూడో అంతస్తులో ఉంటాడు, బిల్డింగు సంఘానికి కార్యదర్శి. ఇస్త్రీ మడత చెదరకుండా కుర్చీలోంచి లేవగల మనిషి. పళ్ళెం మోగితే కిందికి దిగేవాడు గానీ, దిగుతున్నంతసేపూ ఇదెక్కడి చోద్యమని గొణిగేవాడు. ఆయన గొణుగుడు గొణుగుడుగానే ఉండిపోయేది, ఒకనాడు వాళ్ళ బ్యాంకు మేనేజరు భోజనానికి రాకపోతే.

బ్యాంకాయనకు పైవాడు ఆ మేనేజరు. ఆయన ఇంటికొచ్చి భోంచేస్తే ప్రమోషను సగం వచ్చినట్టేనని బ్యాంకాయన లెక్క. నెలరోజులు బతిమాలితే ఒప్పుకున్నాడు. వచ్చి సోఫాలో కూర్చుని రెండు మాటలు మాట్లాడాడో లేదో, మెట్ల మీద పళ్ళెం మోగింది, భూకంపమని కేకలు వినిపించాయి. "అదేం లేదు సార్, మా కింద ఒకాయనకి కొంచెం..." అని బ్యాంకాయన చెప్పబోతుంటే, మేనేజరు అప్పటికే ఒంటి బూటుతో రెండో అంతస్తు దాటేశాడు. బయట వాన. అంతా బండ్లు పెట్టుకునే షెడ్డు కింద చేరారు. కుర్చీ చాలక మేనేజరుగారిని బోర్లించిన బకెట్టు మీద కూర్చోబెట్టారు. ఎవరివో గిన్నెలు, ఎవరివో గరిటెలు, ఏది ఎవరు వడ్డిస్తున్నారో తెలియదు. మేనేజరు ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో చూసే ధైర్యం బ్యాంకాయనకు లేకపోయింది. కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

మర్నాడు ఆయన ఒంటికాలి మీద లేచాడు. ఆదివారం పొద్దున సంఘం మీటింగు పెడుతున్నాననీ, ఇకమీదట బిల్డింగులో పళ్ళెం మోగడానికి వీల్లేదని తీర్మానం చేయిస్తాననీ చెప్పాడు. అంతటితో ఊరుకోక అమ్మాయి దగ్గరికొచ్చాడు. మీరు ఆ ఆఫీసులోనే పనిచేస్తున్నారు కాబట్టి లేచి సైన్సు ఏం చెబుతోందో నాలుగు ముక్కలు చెప్పండి చాలు, మిగతాది తాను చూసుకుంటానన్నాడు. అబద్ధం చెప్పడం అమ్మాయివల్ల కాదు. నిజం చెబితే బాబాయ్ పళ్ళెం పోతుంది. ఏ వాదనలో ఓడినా లెక్కచెయ్యని మనిషికి ఆ పళ్ళెం ఎంతో ఆమెకు తెలుసు. రోజూ వాదించి వాదించి విసిగిపోయింది గానీ, ఆయన నలుగురిలో చిన్నబోవడం చూడాలని ఆమె ఎన్నడూ కోరుకోలేదు.

ఆ సాయంత్రం బాబాయ్ దుకాణంలో ఎవరిదో కళ్ళజోడు మర బిగిస్తున్నాడు. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది. మీటింగుకి రాకుండా ఆఫీసుకి వెళ్ళిపోతానంది. ఆదివారం ఆఫీసేమిటని ఆయన అడిగాడు.

"ఉన్నదున్నట్టు చెప్పవే. నీ ఉద్యోగం అబద్ధాలు చెప్పేది కాదు" అన్నాడు.

"చెబితే పళ్ళెం తీసేసుకుంటారు బాబాయ్."

ఆయన బిగించిన మరనే మళ్ళీ బిగించాడు. "ఆయన్ని చూడ్డానికి పళ్ళెం ఎందుకులే, కాగితం చాలు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, అమ్మాయికి ఆ నవ్వు చూడబుద్ధి కాలేదు.

ఆదివారం ఎండ బాగా కాసింది. ఖాళీ జాగాలో అందరూ కుర్చీలు వేసుకున్నారు. బ్యాంకాయన ఒక బల్ల వేయించి దాని వెనకాల నిలబడ్డాడు. మేనేజరును బకెట్టు మీద కూర్చోబెట్టిన ఘట్టం దగ్గర ఆయన గొంతు నిజంగానే బొంగురుపోయింది. తరవాత అమ్మాయిని లేవమన్నాడు.

ఆమె లేచి ఉన్నదున్నట్టే చెప్పింది. సూర్యుడి జ్వాలలకూ భూకంపాలకూ సంబంధం ఉందేమోనని చాలామంది పెద్దవాళ్ళు లెక్కలు వేశారనీ, కొందరి లెక్కలో ఉన్నట్టే కనిపించిందనీ, వేరేవాళ్ళు ఇంకా ఎక్కువ లెక్కలు తీసి చూస్తే కనిపించకుండా పోయిందనీ చెప్పింది. ఉందని ఇప్పటివరకూ ఎవరూ తేల్చలేకపోయారంది. ఫలానా రోజున ఫలానా చోట భూమి కదులుతుందని సూర్యుణ్ణి చూసి ఎవరూ చెప్పలేరు, ఆ మాటకొస్తే ఎన్ని యంత్రాలున్నా అది తమ ఆఫీసు వల్ల కూడా కాదు అంది. పళ్ళెం మోగగానే గ్యాసు కట్టేసి తోసుకోకుండా దిగడం మాత్రం మంచి అలవాటే, అలా చెయ్యండని తమ ఆఫీసు ఊరంతా కాగితాలు అంటించినా ఎవరూ చెయ్యడం లేదని కూడా చెప్పింది. చెప్పి, బాబాయ్ వైపు చూడకుండా కూర్చుంది.

బాబాయ్ పక్కవాళ్ళతో, "ఎంత చక్కగా చెప్పిందో చూశారా, మా అన్నకూతురు" అంటున్నాడు.

బ్యాంకాయనకు అది చాలలేదు. అలవాటు మంచిదన్న ముక్క ఆయనకు నచ్చలేదు. జేబులోంచి రుమాలు తీసి నుదురు తుడుచుకుని, అసలు బాణం వదిలాడు. "పోనీ, ఆయన నమ్మకం ఆయనదే అనుకుందాం. చుక్క కనిపిస్తే మోగిస్తారు, సరే. మా మేనేజరుగారు వచ్చిన వారమంతా ముసురు పట్టింది. సూర్యుడి మొహం ఊళ్ళో ఎవరూ చూళ్ళేదు. మరి ఆ రోజు మీరు ఏం చూసి మోగించారండీ?"

అమ్మాయి ఉలిక్కిపడి తలెత్తింది. ఇంత చిన్న సంగతి, అదే ఇంట్లో ఉంటూ, అదే విషయం రోజూ వాదిస్తూ, తనకెందుకు తట్టలేదో ఆమెకు అర్థం కాలేదు. ఆ వారంలో దుకాణంలో కాగితం మీద మబ్బు నీడ తప్ప ఏమీ లేదు. చూడని చుక్క చూశానని జన్మలో చెప్పని మనిషి ఆ రోజు మెట్ల మీద నిలబడి పళ్ళెం వాయించాడు.

బాబాయ్ నీళ్ళు నమిలాడు. లెన్సు మీద ఆవిరి అన్నాడు, కాదు కాదు అన్నాడు. చివరికి, "కాగితం మీద ఏం లేదండీ. నేనే మోగించాను" అన్నాడు.

"ఎందుకు?"

"ఊరికే."

పిన్ని లేవబోయింది. బాబాయ్ ఆవిడ వైపు ఒక్క చూపు చూశాడు, ఆవిడ కూర్చుంది. ఆయన కుర్చీ కింద నుంచి పళ్ళెం తీసి, గరిటె దాని మీద పెట్టి, తానే తీసుకెళ్ళి బల్ల మీద ఉంచాడు. విన్నారుగా అన్నట్టు బ్యాంకాయన అందరి వైపూ చూశాడు. తన బాబాయ్ అబద్ధాలకోరని అందరి ముందూ తేలిపోయింది, ఆయన నోరు విప్పి ఒక్క మాట చెప్పుకోవడం లేదు. అమ్మాయికి ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

అప్పుడు లేచింది బ్యాంకాయన భార్య. ఆవిడ నలుగురిలో మాట్లాడగా ఎవరూ వినలేదు. లేచి నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ వీపును పట్టుకుంది.

"ఆ రోజు వంటంతా మాడ్చేశానండీ" అంది భర్తతో.

"ఏ రోజు?" అన్నాడు ఆయన.

"మీ మేనేజరుగారు వచ్చిన రోజు. అన్నీ పొయ్యి మీదున్నాయి. అప్పుడే మీరు చొక్కా గుండీ ఊడిందని కేకేశారు. అది కుట్టి వచ్చేసరికి ఒక్క గిన్నె మిగల్లేదు. ఆయన వీధి మలుపు దాకా వచ్చేశారన్నారు మీరు. ఏం చెయ్యాలో తెలీక కిందికి పరిగెత్తి పిన్నిగారి దగ్గర ఏడ్చాను. బాబాయ్ గారు లోపల అద్దాలు తుడుచుకుంటున్నారు. లేచి పళ్ళెం తీసుకున్నారు."

బ్యాంకాయన రుమాలు తీసి మళ్ళీ నుదురు తుడుచుకున్నాడు.

"మీ మేనేజరుగారు తిన్నది మనింటి వంట కాదు, ఈ బిల్డింగు వంట. వెళ్ళేటప్పుడు ఇంత బాగా ఎక్కడా తినలేదన్నారు. మీరు కళ్ళు మూసుక్కూర్చున్నారు, వినలేదు" అంది ఆవిడ. అని కూర్చుంది. కూర్చున్నాక కూడా కుర్చీ పట్టుకునే ఉంది.

రెండో అంతస్తులో పసిబిడ్డతో ఒంటరిగా ఉంటున్న తల్లి ఒకామె ఉంది, భర్త ఓడ మీద ఉద్యోగం. ఆమె మెల్లిగా అందుకుంది. తన బిడ్డ పగలూ రాత్రీ ఏడ్చి ఏడ్చి, తనకు కళ్ళు తిరిగి పడిపోతానేమో అన్నంత పనైన రోజుల్లో కూడా పళ్ళెం మోగిందనీ, బిడ్డ అందరి చేతుల్లోనూ తిరిగిందనీ, తాను ఇదే జాగాలో కుర్చీలోనే పొద్దుగూకేదాకా నిద్రపోయాననీ చెప్పింది. ఎవరూ లేపలేదంది.

"ఆ రోజు నిజంగానే మచ్చ ఉందమ్మా" అన్నాడు బాబాయ్ గాభరాగా. "కాస్త చిన్నది. కానీ ఉంది."

అందరూ ఒక్కసారిగా నవ్వారు. అమ్మాయి మాత్రం లేచి ఆయన దగ్గరికెళ్ళింది. "నిజం చెప్పు బాబాయ్. మోగినవాటిలో ఆయనవెన్ని, నీవెన్ని?"

"ఎక్కువ ఆయనవే" అన్నాడు బాబాయ్, తప్పు చేసి దొరికినవాడిలా. "ఎప్పుడైనా ఆయనకి తీరిక లేకపోతే నేను..."

"అందరినీ పిలిచి, ఫలానావాళ్ళకి కష్టంగా ఉంది, రండి అని చెప్పొచ్చుగా. పళ్ళెం ఎందుకు?"

"సాయం చేస్తామంటే అక్కర్లేదంటారే ఎవరైనా. భూకంపమంటే ఎవరూ అక్కర్లేదనరు" అన్నాడు.

అమ్మాయికి నవ్వూ ప్రేమా ఒకేసారి వచ్చాయి. చిన్నపిల్లలా ఆయన చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

బ్యాంకాయన చాలాసేపు తన చొక్కా గుండీల వైపు చూసుకున్నాడు. తరవాత గొంతు సవరించుకుని, కార్యదర్శి హోదాలో, పళ్ళేన్ని సంఘం తరఫున బాబాయ్ గారి చేతికే తిరిగి ఇస్తున్నామన్నాడు. అతిథులు వచ్చినప్పుడు బకెట్టుకు బదులు కుర్చీ ఇవ్వాలని ఒక చిన్న సవరణ మాత్రం పెట్టాడు. సవరణను అందరూ ఒప్పుకున్నారు.

కొన్నాళ్ళ తరవాత ఒక సాయంత్రం అమ్మాయి దుకాణంలో ఉండగా బ్యాంకాయన వచ్చాడు. కళ్ళజోడు వదులైందన్నాడు. బాబాయ్ చూశాడు, వదులు కాలేదు. అయినా మర ఒకసారి తిప్పి ఇచ్చాడు. బ్యాంకాయన పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, కదల్లేదు.

"శుక్రవారం మా మేనేజరుగారు మళ్ళీ భోజనానికి వస్తారట. ఆయనే అడిగారు" అన్నాడు చివరికి. ఆపైన కాగితం వైపు ఓరగా చూశాడు. "సాయంత్రం పూట సూర్యుడి పరిస్థితి ఎలా ఉంటుందంటారు?"

బాబాయ్ గంభీరంగా తల అడ్డంగా ఊపాడు. "ముందుగా ఎవరూ చెప్పలేరండీ. మా అమ్మాయి అంత విడమరిచి చెప్పింది కదా. సైన్సు ఒప్పుకోదు."

బ్యాంకాయన కాసేపు అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించాడు. "ఈసారి వంట నేనే చేస్తానని మా ఆవిడకి మాటిచ్చానండీ."

బాబాయ్ కాగితం వైపు కూడా చూడలేదు. "అయితే చాలా పెద్ద జ్వాలే లేస్తుంది" అన్నాడు.

ఆ శుక్రవారం అమ్మాయి ఆఫీసు నుంచి కాస్త ముందుగా వెళ్ళిపోతానని చీటీ రాసి పై అధికారి గదిలోకి తీసుకెళ్ళింది. కారణం దగ్గర భూకంపం అని రాసింది. ఆయన చదివి, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా సంతకం పెట్టి, తనూ వస్తానన్నాడు.